కారు ఆపితే సైకిలుకు దారి దొరుకుతుందా?

ఢిల్లీలో గాలి నాణ్యత సూచీ 400 దాటితే గ్రాప్ (కాలుష్యం పెరిగేకొద్దీ దశలవారీగా ఆంక్షలు పెట్టే ప్రణాళిక) మూడో దశ మొదలవుతుంది. ఆ రోజు నుంచి పొగ ప్రమాణాల్లో పాతవైన బీఎస్-3 పెట్రోలు కార్లు, బీఎస్-4 డీజిలు కార్లు రోడ్డెక్కకూడదు. ఎక్కితే 20,000 రూపాయల జరిమానా. ఈ నిబంధన మీద దక్షిణ ఢిల్లీలోని మునీర్కాలో తెలుగు మెస్సు నడుపుకునే ఒక పెద్దాయనకీ, ఆఫీసుకు సైకిలు మీద వెళ్లివచ్చే ఆయన మేనకోడలికీ జరిగిన వాదన ఇది. ఆయనకు 2013లో కొన్న డీజిలు కారుంది. నా మొగ్గు అమ్మాయి వైపేనని ముందే చెప్పేస్తున్నాను. అయినా ఆయన అడిగినవాటిలో కొన్నిటికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆ అమ్మాయిది కాదు. చెప్పాల్సినవాళ్లు ఇంతవరకూ చెప్పలేదు.

మామయ్య: నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నారమ్మా. కారు కొన్నప్పుడు ఆర్సీ ఎన్నేళ్లకిచ్చారు? 15 ఏళ్లకి. రోడ్డు టాక్సు? 15 ఏళ్లదీ ఒకేసారి కట్టించుకున్నారు. తర్వాత డీజిలు బండి పదేళ్లకే పనికిరాదన్నారు. 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సరేనంది. నేను కట్టిన అయిదేళ్ల పన్ను మాట ఎవరూ ఎత్తలేదు.

మేనకోడలు: పన్ను విషయంలో మీతో నాకు తగువు లేదు మామయ్యా. వాడుకోనివ్వని ఏళ్లకు కట్టించుకున్న డబ్బు తిరిగిచ్చేయాలి. కానీ ఆ డబ్బు తిరిగి రాలేదు కాబట్టి బండి తిరుగుతూనే ఉండాలంటే ఒప్పుకోను. మీకు బాకీ పడింది ప్రభుత్వం. ఆ బాకీ నా ఊపిరితిత్తుల దగ్గర వసూలు చేస్తారా?

మామయ్య: నీ ఊపిరితిత్తులు నా ఒక్క కారు వల్లే పాడవుతున్నాయా? ఐఐటీ కాన్పూరువాళ్లు 2016లో ఇచ్చిన రిపోర్టు తీసి చూడు. ఢిల్లీలో పీఎం 2.5 ధూళి వెలువడేదాంట్లో వాహనాల వంతు నూటికి 20. ఆ వాహనాల్లో లారీల వంతు 46, టూవీలర్లది 33, కార్లది 10. అంటే మొత్తం మీద కార్లన్నీ కలిపి నూటికి రెండు! అందులో నా బండెంత? అదే ఏడాది జనవరిలో సరి-బేసి నంబర్ల పద్ధతి పెట్టినప్పుడు టూవీలర్లను వదిలేశారు, కార్లను పట్టుకున్నారు.

మేనకోడలు: ఆ లెక్క ఊరు మొత్తానిది. ఊరు మొత్తం గాలిని కలిపి నేను పీల్చను. రోడ్డు మీద గాలి పీలుస్తాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద, ఒక బండి వెనకాల, దాని పొగగొట్టానికి నాలుగడుగుల దూరంలో. సిగ్నల్ దగ్గర ఆగితే ఆ దూరమూ ఉండదు. పొలాల్లో తగలబెట్టిన గడ్డి పొగ ఆకాశం మీదుగా పలచబడి వస్తుంది. మీ బండి పొగ పలచబడకముందే నా ముక్కులోకి వస్తుంది. పైగా తొక్కుతున్న మనిషి కూర్చున్న మనిషి కన్నా నిమిషానికి రెండు మూడు రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాడు. మీరు అద్దాలు ఎత్తుకుని కూర్చుంటారు. ఆ నూటికి రెండు లెక్క కట్టినవాళ్లు సైకిలు సీటు మీద కూర్చుని కట్టలేదు.

మామయ్య: మరి సైకిలు మానెయ్. ఇంత విషంలో తొక్కమని ఎవరన్నారు నిన్ను? ఇంట్లో చెబితే కూడా వినవు.

మేనకోడలు: దీని మీద కేంబ్రిడ్జివాళ్లు 2016లోనే లెక్క కట్టారు. మామూలు నగరాల్లో ఎంతసేపు తొక్కినా వ్యాయామం వల్ల వచ్చే మేలే ఎక్కువ. ఢిల్లీలాంటి చోట కూడా వారానికి అయిదు గంటల దాకా మేలే పైచేయి. అది దాటితే కీడు మొదలవుతుంది. నేను పోయి రావడం రోజుకు ముప్పావు గంట. కాబట్టి నా సంగతి వదిలేయండి. మన మెస్సులో క్యారేజీలు పట్టుకెళ్లే అబ్బాయి ఎన్ని గంటలు తొక్కుతాడు?

మామయ్య: మధ్యాహ్నం ఆర్కే పురం, వసంత్ విహార్. రాత్రి మళ్లీ అవే. అయిదు గంటలుంటుంది.

మేనకోడలు: రోజుకి. వాళ్లు చెప్పింది వారానికి.

ఈ ఒక్క లెక్క చాలు, ఢిల్లీలో సైకిలు గురించి మాట్లాడేటప్పుడు మనం ఎవరిని మరిచిపోతున్నామో తెలియడానికి. సైకిలు అనగానే ఇప్పుడు హెల్మెట్టు, బిగుతు బట్టలు, తెల్లవారుజామున ఇండియా గేటు గుర్తొస్తున్నాయి. 2011 జనగణన ప్రకారం దేశంలో వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులకు వెళ్లేవారిలో సుమారు 13 శాతం మంది సైకిలు మీద వెళ్లారు. కారులో వెళ్లినవారు మూడు శాతం కూడా లేరు. వాళ్లలో కాపలాదారులు, కూలీలు, పాలు పోసేవాళ్లు, ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్లేవాళ్లు ఉంటారు. పొగ ఏమాత్రం వదలని మనిషే ఎక్కువ పొగ పీలుస్తున్నాడు. వాహనాల నిషేధం మీద ఏ చర్చలోనూ ఈ మనిషికి కుర్చీ వేయరు. కారున్నవాడికి కలిగే కష్టం, వ్యాపారికి వచ్చే నష్టం, కోర్టు ఏమన్నది, ఇంతవరకే.

మామయ్య: ఆ అబ్బాయి సంగతి నాకు పట్టదనుకుంటున్నావా? నా బాధ కూడా విను. తెల్లవారుజామున నాలుగింటికి ఓఖ్లా మండీకి వెళ్లాలి. ఆ వేళకు మెట్రో ఉండదు. ఉన్నా ఉల్లిపాయల బస్తా ఎక్కించనివ్వరు. టెంపో మాట్లాడితే నా లాభం సగం దానికే పోతుంది. గ్రాప్ మూడు ఎప్పుడు పెడతారో, ఎప్పుడు తీస్తారో తెలియదు. ఇవాళ సాయంత్రం చెప్పి రేపట్నుంచే అంటారు. యాభైమంది భోజనానికి వస్తారు, వాళ్లకేం చెప్పను? నిషేధాలు పెట్టేవాళ్లలో ఎవరైనా ఒక్కసారి మండీకి వెళ్లి వచ్చారా?

మేనకోడలు: ఇది నిజమే.

మామయ్య: ఇంకోటి. కిందటేడు, 2025 జూలై ఒకటిన, పాత బండ్లకు పెట్రోలు పోయొద్దన్నారు. బంకుల దగ్గర కెమెరాలు పెట్టారు. ఢిల్లీలో అలాంటి బండ్లు 62 లక్షలు, అందులో మూడింట రెండొంతులు స్కూటర్లూ మోటార్‌సైకిళ్లే. రెండు మూడు రోజుల్లోనే వద్దని ప్రభుత్వమే ఉత్తరం రాసింది. ఆగస్టులో సుప్రీంకోర్టు పాత బండ్లవాళ్ల మీద చర్యలొద్దంది. డిసెంబరులో మళ్లీ, ఆ రక్షణ బీఎస్-4కీ ఆపైన వాటికీ మాత్రమే అంది. నాది బీఎస్-4 కాబట్టి వయసు గొడవ తప్పింది. కానీ గ్రాప్ వచ్చిన రోజు అదే బీఎస్-4 డీజిలు పనికిరాదు. ఒకరు ఉండనిమ్మంటారు, ఒకరు ఆపమంటారు. నేను బండి అమ్ముకోవాలా, ఉంచుకోవాలా?

మేనకోడలు: ఆ తడబాటును నేను వెనకేసుకురాను. కానీ అందులోనూ ఒక మంచి మార్పు జరిగింది కదా. వయసు లెక్క పోయి, పొగ లెక్క వచ్చింది. బీఎస్-4 డీజిలు కారు కిలోమీటరుకు 0.025 గ్రాముల ధూళి దాకా వదలొచ్చు. బీఎస్-6కి ఆ హద్దు 0.0045 గ్రాములే, దాన్ని అందుకోవడానికి పొగగొట్టంలో ఫిల్టర్ కూడా ఉంటుంది. అంటే మీ బండి షోరూం నుంచి కొత్తగా వచ్చిన రోజున కూడా ఇప్పటి అయిదు కార్లంత ధూళి వదలడానికి దానికి అనుమతి ఉంది. నైట్రోజన్ ఆక్సైడ్లూ మూడు రెట్లు.

మామయ్య: అది కాగితం మీద హద్దు. నా బండి ఎంత వదులుతోందో ఎవరు కొలిచారు? సర్వీసింగు ఒక్కసారి కూడా తప్పించలేదు. పీయూసీ పొగ పరీక్ష ఎప్పుడూ పాసే.

మేనకోడలు: పీయూసీలో డీజిలు బండికి చూసేది పొగ ఎంత చిక్కగా ఉందన్నదే. నైట్రోజన్ ఆక్సైడ్లను అసలు చూడరు. పీయూసీ పాసైందంటే గాలికి మంచి చేస్తోందని అర్థం కాదు మామయ్యా.

మామయ్య: సరే, అయితే సరైన యంత్రంతో కొలవండి! నేను అడుగుతున్నదీ అదే. నా బండిని కొలవండి, పక్కన పోతున్న కొత్త టాక్సీనీ కొలవండి. ఏది ఎక్కువ వదిలితే దాన్ని ఆపండి.

ఇక్కడ మామయ్యది బలమైన మాట. ఐసీసీటీ అనే పరిశోధన సంస్థ ఢిల్లీ, గురుగ్రామ్ రోడ్ల పక్కన పరికరాలు పెట్టి, నడుస్తున్న బండ్ల పొగను కొలిచి 2024లో నివేదిక ఇచ్చింది. లక్షకు పైగా కొలతలు తీశారు. సొంత కార్ల కన్నా టాక్సీలు, చిన్న సరుకు బండ్లు రెట్టింపుకు పైగా నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతున్నాయని తేలింది. శుభ్రమైన ఇంధనమని మనం నమ్మే సీఎన్‌జీ బండ్లు కూడా అందులో ఉన్నాయి. బండిని ఆపకుండానే కొలిచే సాధనం ఉన్నప్పుడు ఆర్సీలో ముద్రించిన తేదీని పట్టుకుని కూర్చోవడం అన్యాయం. అమ్మాయి కూడా దీన్ని కాదనలేదు. ఆమె అభ్యంతరం వేరే.

మేనకోడలు: కొలవాలి, తప్పకుండా. కానీ అన్ని బండ్లనూ కొలిచే ఏర్పాటు జరిగేదాకా ఎన్ని చలికాలాలు పోతాయి? అంతవరకూ ఏదో ఒక గీత గీయాలి. బీఎస్ గీత మొరటుదే, ఒప్పుకుంటాను. ఇప్పటికి చేతిలో ఉన్నది అదే.

మామయ్య: గీత గీసి ఏం సాధిస్తారు? రేపు నేను వేరే రాష్ట్రానికి ఎన్ఓసీ తీసుకుని బండి అమ్మేస్తాను. ఎక్కడికి పోతుంది? తుక్కులోకి పోదు. ఢిల్లీ బండ్లు చవకగా వస్తాయని హైదరాబాదులో ఎగబడి కొంటారు. నా బండి కర్నూలులోనో ఖమ్మంలోనో ఇంకో పదేళ్లు తిరుగుతుంది. ఢిల్లీ పిల్లల ఊపిరి కాపాడి మన ఊరి పిల్లల మీదికి తోలడమేనా ఇది?

(అమ్మాయి కాసేపు మాట్లాడలేదు.)

మేనకోడలు: దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. తుక్కుకు ఇచ్చినవాడికి చేతిలో డబ్బు పెట్టాలి. ఇంకో రాష్ట్రంలో అమ్మితే వచ్చేంత కాకపోయినా, దానికి దగ్గరగా. లేకపోతే ఎవరైనా అమ్ముకునే దారే చూసుకుంటారు.

మామయ్య: లండన్‌లో ఆ పని చేశారుగా. మా అన్నయ్య కొడుకు అక్కడే ఉంటాడు. వాడి డీజిలు కారుకి రోజుకు పన్నెండున్నర పౌండ్లు కట్టమన్నారు. నిషేధం లేదు, కడితే తిరగొచ్చు. తుక్కుకిస్తే 2000 పౌండ్లు ఇచ్చారు. వాడు ఇచ్చేశాడు. నాకూ ఇలాంటిదేదో చెప్పమను, నేను మాత్రం ఎందుకు మొండికేస్తాను?

మేనకోడలు: అక్కడా అందరూ నవ్వుతూ ఒప్పుకోలేదు. 2023 ఆగస్టులో ఆ రుసుము వసూలు చేసే యూలెజ్ పరిధిని లండన్ మొత్తానికీ విస్తరించేముందు అయిదు స్థానిక ప్రభుత్వాలు కోర్టుకెక్కాయి, ఓడిపోయాయి. కెమెరాల తీగలు కోసేశారు. ఏడాది తిరిగేసరికి నూటికి 96 బండ్లకు పైగా ప్రమాణానికి తగ్గట్టు వచ్చేశాయి. మొదట్లో యూలెజ్ పెట్టిన నగరం నడిబొడ్డులో స్కూలు పిల్లల్ని గమనిస్తే, అంతకుముందు కారులో దిగే పిల్లల్లో అయిదుగురికి ఇద్దరు నడకకో సైకిలుకో కాలితో తోసే స్కూటర్‌కో బస్సుకో మారారు.

మామయ్య: ఎందుకు మారారు? పక్కన దారి ఉంది కాబట్టి! అదొక్కటే నా మాట. 2003లో లండన్ నడిబొడ్డుకు రద్దీ రుసుము పెట్టిన రోజునే 300 బస్సులు అదనంగా దింపారు. థేమ్స్ ఒడ్డున రోడ్డులో ఒక వరస తీసేసి, అడ్డు కట్టి, సైకిళ్లకు విడిగా దారి ఇచ్చింది 2016లో. యూలెజ్ వచ్చింది 2019లో. దారి ముందు, ఆంక్ష తర్వాత. ఇక్కడ? 1998లోనే సుప్రీంకోర్టు 2001 కల్లా ఢిల్లీకి 10,000 బస్సులుండాలంది. 2025లో కూడా అన్ని బస్సులు లేవు. అదే ఉత్తర్వులో ఉన్న, బస్సులను సీఎన్‌జీకి మార్చే సంగతి మాత్రం 2002 చివరికల్లా పూర్తి చేశారు. అంటే ఆపమన్నది జరిగింది, ఇవ్వమన్నది జరగలేదు.

మేనకోడలు: ఆ దారిని మనకు రాకుండా చేసింది ఎవరు మామయ్యా? అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 2008లో బీఆర్టీ వేశారు. బస్సులకు మధ్యలో విడిగా వరస, పక్కన సైకిళ్లకు విడిగా దారి. అయిదారు కిలోమీటర్లే, కానీ పనికి పోయే సైకిళ్లన్నీ అందులోకే వచ్చాయి. దాని మీద గోల చేసింది కార్లవాళ్లే. కార్లకు సిగ్నల్ దగ్గర ఆలస్యమవుతోందని ఒక స్వచ్ఛంద సంస్థ కోర్టుకు కూడా పోయింది. 2012లో హైకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది కూడా. అయినా 2016లో ప్రభుత్వం దాన్ని తవ్వి పారేసింది. మీరూ అప్పుడు సంతోషించారు. నాకు గుర్తుంది.

మామయ్య: సంతోషించాను. గంటసేపు నిలబడితే తెలిసేది నీకు. బస్సుల వరస ఖాళీగా కనబడుతుంటే ఇటు కార్లన్నీ ఇరుక్కుని ఉండేవి.

మేనకోడలు: ఆ ఖాళీగా కనబడ్డ వరసలో ఒక్కో బస్సులో అరవైమంది పోయేవారు. సైకిలువాడు లారీ చక్రానికి దూరంగా పోయేవాడు. దారి ముందు, ఆంక్ష తర్వాత అంటున్నారు. దారి ఇస్తే రోడ్డు తగ్గిందంటారు. ఇవ్వకపోతే దారి లేదు కాబట్టి కారు ఆపనంటారు. సైకిలువాడు ఎటు పోవాలి?

మామయ్య: హైదరాబాదులో వేశారు కదా, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు, పైన సోలార్ కప్పుతో. ఏ కారు వరసా తీయలేదు.

మేనకోడలు: అందుకే అది పొద్దున్నే వ్యాయామం చేసేవాళ్లకు బాగుంటుంది. నార్సింగి నుంచి కొల్లూరు వైపు కూలికి పోయేవాళ్లెందరు? పనికి పోయేవాడి దారి అమీర్‌పేటలో ఉండాలి, కూకట్‌పల్లిలో ఉండాలి. అక్కడ కారు కొంచెం జరగకుండా సైకిలుకు చోటు పుట్టదు. ఇక్కడ ఔటర్ రింగ్ రోడ్డు మీదా అంతే.

ఈ చోట నేను అమ్మాయితో నిలబడతాను. పొగ ఆపడం ఒక పని, రోడ్డు పంచడం ఇంకో పని. మనవాళ్లు మొదటిది అప్పుడప్పుడూ చేస్తున్నారు. రెండోదాన్ని ముట్టుకోవడం లేదు. పాత కారు స్థానంలో కొత్త కారు వస్తే పొగ తగ్గుతుంది, నిజమే. కానీ కొత్త కారు పాతదాని కన్నా వెడల్పు, బరువు ఎక్కువ. సైకిలువాడికి రోడ్డు మీద మిగిలే అంచు ఇంకా సన్నబడుతుంది. టైర్లు, బ్రేకులు అరిగి లేచే ధూళి ఏ బీఎస్ ప్రమాణంలోనూ లేదు, విద్యుత్ కారుకీ అది తప్పదు. బండ్లు మార్చుకోండి అని మాత్రమే చెప్పే విధానం వల్ల కార్ల కంపెనీలకు వ్యాపారం పెరుగుతుంది. మునీర్కా ఫ్లైఓవర్ కింద క్యారేజీలు వేలాడదీసుకుని పోయే కుర్రాడికి పొగలో కొంత తగ్గుతుంది, ప్రాణభయం అలాగే ఉంటుంది.

మామయ్య: అయితే నువ్వే ఒప్పుకుంటున్నావు, ఒక్క నిషేధం చాలదని.

మేనకోడలు: చాలదన్నాను, వద్దనలేదు. లండన్ మాట మీరు తెచ్చారు కాబట్టి ఒకటి చెబుతాను. అక్కడ సౌత్ సర్క్యులర్ రోడ్డుకు దగ్గర్లో ఎల్లా అనే పాప ఉండేది. ఉబ్బసంతో ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి 2013 ఫిబ్రవరిలో పోయింది. తొమ్మిదేళ్లు. వాళ్లమ్మ పట్టు వదలకపోతే 2020 డిసెంబరులో మరణ విచారణాధికారి గాలి కాలుష్యాన్ని కూడా మరణ కారణంగా రాశారు. బ్రిటన్‌లో అలా రాయడం అదే మొదలు. ఆ రోడ్డు దాకా యూలెజ్ వచ్చేసరికి 2021 అయింది. అన్నీ అమర్చుకున్నాకే ఆపుదాం అంటే మధ్యలో పోయేవాళ్లు పోతూనే ఉంటారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. మన దగ్గర సర్టిఫికెట్‌లో న్యుమోనియా అని రాస్తారు, గుండె ఆగిందని రాస్తారు.

మామయ్య: (చాలాసేపటికి) మీ అత్తయ్యకు కూడా నవంబరు వస్తే దగ్గు మొదలవుతుంది. సంక్రాంతి దాటితేగాని తగ్గదు.

మేనకోడలు: అందుకే నా వైపు నుంచి ఒకటి అడుగుతాను. గ్రాప్ మూడు పెట్టిన రోజుల్లో ఆ అబ్బాయిని సైకిలు మీద పంపకండి. కూలి మాత్రం ఇవ్వండి. పనులు ఆపించిన రోజులకు భవన నిర్మాణ కార్మికులకు పరిహారం ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పింది. క్యారేజీలు మోసేవాడి గురించి ఎవరూ చెప్పలేదు.

మామయ్య: పంపకపోతే క్యారేజీలు ఎవరిస్తారు? ముప్పై ఇళ్లున్నాయి. సరే, వసంత్ విహార్ దాకా మెట్రోలో వెళ్లి అక్కణ్ణుంచి నడుస్తాడు. మెట్రో కార్డు నేను కొంటాను. ఆర్కే పురం నా వల్ల కాదు, అక్కడివాళ్లను వచ్చి తీసుకెళ్లమంటాను. కొందరు మానేస్తారు, ఆ నష్టం నేనే పడతాను. కానీ ఓఖ్లా సంగతి తేలలేదు. నాలుగింటికి సరుకు తేవడానికి నువ్వేం దారి చూపించావు నాకు?

మేనకోడలు: ఈ చుట్టుపక్కల మెస్సులెన్ని ఉంటాయి? మనవాళ్లవి, మలయాళీలవి, ఒడియావాళ్లవి?

మామయ్య: ఆరేడుంటాయి.

మేనకోడలు: అందరూ విడివిడిగానే కదా మండీకి పోతున్నారు. అందరూ కలిసి ఒక్క బ్యాటరీ టెంపో మాట్లాడుకుంటే?

మామయ్య: అడిగాం ఒకసారి. కేరళాయన మూడున్నరకే వెళ్లాలంటాడు, చేపల కోసం. నాకు కూరగాయల లాట్లు దిగేది నాలుగున్నరకి. మూడున్నరకు వెళ్లి గంటసేపు టెంపోను నిలబెడితే ఆ కిరాయి ఎవరు కడతారో తేల్చు ముందు, తర్వాత నా కారు సంగతి మాట్లాడదాం.